కొండ తెల్లబడ్డాక: అమెరికాలో తొలి మంచు నడకకు సన్నాహం

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వేసవి హైకింగ్ ఇప్పుడు కొత్త కాదు. న్యూజెర్సీ వాళ్ళు క్యాట్స్‌కిల్స్‌కీ, బోస్టన్ వాళ్ళు వైట్ మౌంటెన్స్‌కీ, సియాటిల్ వాళ్ళు రెయినీర్‌కీ, బే ఏరియా వాళ్ళు టాహోకీ వెళ్ళొస్తూనే ఉన్నారు. డాలస్ వాళ్ళు విమానమెక్కి డెన్వర్‌లో దిగుతున్నారు. ఆ అలవాటు మెల్లగా చలికాలానికీ పాకింది. డిసెంబర్ చివరి సెలవులు, జనవరి మూడో సోమవారం వచ్చే మార్టిన్ లూథర్ కింగ్ దినంతో కలిసే మూడు రోజులు, మంచు చూడాలనుకునేవాళ్ళకు ఇవే ముహూర్తాలు. చూడటం వరకే అయితే కారు దిగి నాలుగు ఫొటోలు తీసుకుంటే సరిపోతుంది. ఆ మంచులో కొండ ఎక్కాలంటే ఏం కావాలి?

దుకాణాల వాళ్ళు చెప్పే జవాబు ఒకటి, పర్వతారోహణ క్లబ్బులు చెప్పేది ఇంకొకటి, గాయపడినవాళ్ళను మోసుకొచ్చే రక్షణ సిబ్బంది చెప్పేది వేరొకటి. మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైందేమిటంటే, మనవాళ్ళు డబ్బంతా జాకెట్ మీద పెడుతున్నారు. ప్రాణం మీదికి వచ్చేది మాత్రం చాలాసార్లు మరో చోట నుంచి: పొద్దుగూకే వేళ చూసుకోకపోవడం, చెమట, కాలికింద పట్టు లేకపోవడం, వెనక్కి తిరగడానికి మనసు ఒప్పకపోవడం. నాలుగు వందల డాలర్ల కోటు కొన్న మనిషి, ఆ రోజు సూర్యాస్తమయం ఎన్నింటికో అడిగితే చెప్పలేకపోతున్నాడు.

అందుకే ముందు గడియారం సంగతి. న్యూ హాంప్‌షైర్ వైట్ మౌంటెన్స్‌లో డిసెంబర్ మూడో వారంలో సాయంత్రం నాలుగుంబావు లోపే పొద్దు గుంకుతుంది. లోయల్లో, చెట్ల కింద అంతకంటే ముందే చీకటి పడుతుంది. 1876లో బోస్టన్‌లో పుట్టిన అపలాచియన్ మౌంటెన్ క్లబ్ తన దారుల పుస్తకంలో నడక సమయానికి ఒక లెక్క వాడుతుంది: ప్రతి మైలుకు అరగంట, ఎక్కే ప్రతి వెయ్యి అడుగులకు ఇంకో అరగంట. క్రాఫోర్డ్ నాచ్ దగ్గరున్న మౌంట్ విల్లార్డ్ 1.6 మైళ్ళ దారి, సుమారు 900 అడుగుల ఎక్కుడు. ఈ లెక్కన పైకి గంటుంబావు. ఇది వేసవి లెక్క. మంచు అణిగి గట్టిపడిన దారైతే దాదాపు అంతే పట్టవచ్చు. రాత్రి కొత్త మంచు పడి, ముందు ఎవరూ నడవని దారైతే రెట్టింపు అవుతుంది. దీనికి తోడు బూట్లకు మేకుల గొలుసులు తగిలించుకోవడం, పొరలు విప్పడం, మళ్ళీ వేసుకోవడం, నీళ్ళు తాగడం. చేతికి గ్లోవ్స్ ఉంటే జిప్పు లాగడం కూడా పనే. కాబట్టి ఇంటి దగ్గరే ఒక వేళ నిర్ణయించుకోవాలి. ఒంటిగంటకు శిఖరం చేరినా చేరకపోయినా వెనక్కి. ఆ వేళను కొండ మీద మార్చుకునే హక్కు ఎవరికీ ఉండకూడదు. శిఖరం ఇంకో పావుగంటలో కనిపిస్తున్నప్పుడే ఈ నియమం పనికిరావాలి, లేకపోతే అది పెట్టుకుని లాభం లేదు.

వేసవిలో ఎన్నో కొండలెక్కాం కదా అనేది మన ధైర్యం. న్యూ హాంప్‌షైర్‌లో నాలుగు వేల అడుగులు దాటిన శిఖరాలు 48 ఉన్నాయి. వాటిలో చాలావాటిని అప్పటికే ఎక్కిన 19 ఏళ్ళ విద్యార్థిని 2022 నవంబర్‌లో ఫ్రాంకోనియా రిడ్జ్ మీదికి ఒంటరిగా వెళ్ళి చనిపోయింది. కాలెండర్ ప్రకారం అప్పటికి చలికాలం మొదలు కూడా కాలేదు. దారి అదే, ఎత్తు అదే. మారింది గాలి, మంచు, పగటి పొడవు. అక్టోబర్ చివరి నుంచి ఏప్రిల్ చివరి దాకా ఆ కొండల మీద చలికాలమే అనుకోవాలి.

చలిని మనం ఉష్ణోగ్రతతో కొలుస్తాం. కొండ మీద దాన్ని గాలితో కలిపి కొలవాలి. అమెరికా జాతీయ వాతావరణ సంస్థ పట్టిక ప్రకారం సున్నా ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మైనస్ 18 సెల్సియస్ దగ్గర, గంటకు 15 మైళ్ళ గాలి వీస్తే ఒంటికి తగిలే చలి మైనస్ 19 ఫారెన్‌హీట్. కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టే చలి అది. పదిహేను మైళ్ళ గాలి కొండ మీద మామూలు సంగతి. 6,288 అడుగుల మౌంట్ వాషింగ్టన్ మీద 1934 ఏప్రిల్ 12న గంటకు 231 మైళ్ళ గాలిని అక్కడి పరిశీలన కేంద్రం నమోదు చేసింది. 2023 ఫిబ్రవరి మొదటి వారంలో గాలితో కలిపిన చలి అక్కడ మైనస్ 108 ఫారెన్‌హీట్‌కు దిగింది. తొలిసారి వెళ్ళేవాళ్ళకు ఆ శిఖరంతో పని లేదు. ఆ పరిశీలన కేంద్రం రోజూ వేకువన ఇచ్చే ఎత్తైన శిఖరాల వాతావరణ సూచనతో మాత్రం పని ఉంది. ఫోన్‌లో ఊరి పేరు కొట్టి చూసేది లోయలోని వాతావరణం. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు మూడు నుంచి ఐదు డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. చెట్ల వరుస దాటితే గాలికి అడ్డేమీ ఉండదు. వైట్ మౌంటెన్స్‌లో ఆ వరుస దాదాపు 4,400 అడుగుల దగ్గర ముగుస్తుంది. మొదటి ఏడాదంతా దానికి కిందనే తిరగమని నా సలహా.

ఇక్కడ మన నేల నుంచి వచ్చినవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. లంబసింగిలో సున్నా సెల్సియస్ దగ్గరికి దిగితే మనకు అది వార్త. అమెరికా వచ్చి మైనస్ పది చూశాక సున్నా అంటే లెక్కలేనితనం వస్తుంది. కొండ మీద సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు పైన, సన్న వాన పడుతున్న రోజు, మైనస్ పది సెల్సియస్ పొడి రోజు కంటే ప్రమాదకరం. పొడి మంచు కోటు మీద పడితే దులిపేయవచ్చు. వాన లోపలికి దిగుతుంది. తడి బట్ట పొడి బట్ట కంటే ఎన్నో రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది.

తడి బయటి నుంచే రానక్కర్లేదు. చెమట చాలు. కొత్తవాళ్ళలో దాదాపు అందరూ చేసేది, కారు దగ్గర వణుకుతూ ఉన్నవన్నీ వేసుకుని ఎక్కడం మొదలుపెట్టడం. ఇరవై నిమిషాల్లో వీపు తడుస్తుంది. గంట తర్వాత ఎత్తు మీద ఆగినప్పుడు ఆ తడి చల్లబడి లోపలి నుంచి కోస్తుంది. అలవాటైనవాళ్ళు కాస్త చలిగా ఉండగానే బయల్దేరతారు, పది నిమిషాలకు ఆగి ఒక పొర తీసేస్తారు. ఒంటికి ఆనుకుని మెరినో ఉన్నిదో, పాలిస్టర్‌దో పల్చని చొక్కా, దాని మీద ఫ్లీస్, గాలికీ తడికీ అడ్డుగా పల్చని బయటి కోటు. దూది కూర్చినట్టుండే మందపాటి కోటు నడకలో వేసుకునేది కాదు, సంచిలో పైన ఉంచుకునేది. ఆగిన క్షణంలోనే, చలి వేయకముందే, అన్నిటి మీదా దాన్ని తొడుక్కోవాలి. ఆగి, నీళ్ళు తాగి, ఫొటో దిగి, అప్పుడు చలేస్తోందని కోటు వెతికితే అప్పటికే ఆలస్యం. జీన్స్, నూలు బనియన్లు ఇంట్లో వదిలేయాలి. నూలు ఒకసారి తడిస్తే ఆ చలిలో ఆరదు. ఈకల కోటా, కృత్రిమ దూది కోటా అని పెద్ద చర్చ నడుస్తుంటుంది. ఈకల కోటు తేలిక, తడిస్తే పనికిరాదు. మొదటిసారికి కృత్రిమ దూదే మేలు, ధరా తక్కువ.

చేతులకు రెండు జతలు, వేళ్ళన్నీ ఒకే సంచిలో ఉండే మిటెన్లు ఒక జత అదనంగా. కాళ్ళకు మాత్రం రెండు మందపాటి సాక్సులు ఇరికించి బూటు బిగించడం తప్పు. నెత్తురు ఆడకపోతే ఎంత ఉన్ని ఉన్నా వేళ్ళు మొద్దుబారతాయి. బూటు లోపల వేళ్ళు ఆడించి చూసుకోవాలి, అవసరమైతే ఒక సైజు పెద్దది తీసుకోవాలి.

బూటు కింద ఏం తగిలించాలనేది ఈ మొత్తం విషయంలో అందరూ ఎక్కువగా తికమక పడే సంగతి. సాధనాలు మూడు. మైక్రోస్పైక్స్ అంటే రబ్బరు పట్టీకి గొలుసులు, వాటికి సెంటీమీటరు పొడవుండే చిన్న ఉక్కు మేకులు. ఆరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌కు చెందిన కాటూలా కంపెనీ వీటికి పేరు తెచ్చింది. అణిగిన మంచు, నున్నటి మంచుగడ్డ ఉన్న మామూలు దారికి ఇవి చాలు. స్నోషూలు లోతైన మెత్తటి మంచులో కూరుకుపోకుండా నిలబెడతాయి. న్యూయార్క్‌లోని అడిరాండాక్ హై పీక్స్ ప్రాంతంలో మంచు ఎనిమిది అంగుళాలు దాటితే స్నోషూలో, స్కీలో లేకుండా నడవకూడదన్నది నిబంధన. వట్టి బూట్లతో నడిస్తే మోకాలి లోతు గుంతలు పడతాయి, అవి రాత్రికి గడ్డకట్టి మర్నాడు వచ్చేవాడి కాలు విరగ్గొడతాయి. మూడోది క్రాంపాన్లు. పొడవాటి పళ్ళతో, గట్టి బూటుకు బిగించి, వాలు మీద వాడేవి. వీటి వెంట ఐస్ యాక్స్ ఉండాలి, జారినప్పుడు దానితో ఒంటిని ఆపుకోవడం చేతకావాలి. నేర్చుకోనివాడి చేతిలో ఐస్ యాక్స్ ఉంటే అది గుచ్చుకునేది అతనికే.

ఈ తేడాను ఎందుకు పట్టించుకోవాలో లాస్ ఏంజెలెస్‌కు దగ్గరలోని మౌంట్ బాల్డీ చూపిస్తోంది. 10,064 అడుగుల కొండ, నగరం నుంచి గంటన్నర ప్రయాణం, వేసవిలో కుటుంబాలతో కిటకిటలాడే దారి. చలికాలంలో దాని వాలు అద్దంలా గడ్డకడుతుంది. బ్రిటిష్ నటుడు జూలియన్ శాండ్స్ కొండలెక్కడంలో ఏళ్ళ అనుభవమున్న మనిషి. 2023 జనవరి 13న అక్కడికి వెళ్ళి కనిపించకుండా పోయారు. ఆయన అవశేషాలు దొరికింది జూన్‌లో. చలికాలంలో ఈ కొండ మీదికి రావద్దని అక్కడి షెరీఫ్ కార్యాలయం పదేపదే చెబుతూనే ఉంది. మైక్రోస్పైక్స్ చదునైన దారిలో ఇచ్చే నమ్మకాన్ని వాలు మీదికి మోసుకెళ్ళడమే అసలు చిక్కు. జారితే ఆగలేనంత వాలు కనిపించిందంటే మొదటి ఏడాది నడక అక్కడితో సరి.

న్యూ ఇంగ్లండ్‌లో గాలి ఎలాగో, పశ్చిమ రాష్ట్రాల్లో మంచుచరియలు అలాగ. వాషింగ్టన్ రాష్ట్రంలో స్టీవెన్స్ పాస్ దగ్గర వెల్లింగ్టన్‌లో 1910 మార్చి 1న ఆగి ఉన్న రెండు రైళ్ళను మంచుచరియ లోయలోకి తోసేసింది. 96 మంది పోయారు. ఇప్పటి మరణాల్లో ఎక్కువ భాగం సరదాకు వెళ్ళినవాళ్ళవే. ప్రమాదాల్లో పదింట తొమ్మిదిసార్లు చరియను కదిలించింది అందులో చిక్కుకున్న మనిషో, అతని జట్టువాళ్ళో. వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే చరియ విరిగే అవకాశం ఎక్కువ. మన దారి చదునుగానే ఉన్నా, దాని పైనున్న వాలు విరిగితే వచ్చి పడేది మన మీదే. ఈ ఒక్క ముక్క కొత్తవాళ్ళకు తట్టదు. స్నోక్వాల్మీ దగ్గర స్నో లేక్ దారి సియాటిల్ తెలుగువాళ్ళకు వేసవిలో కొట్టినపిండి. అదే దారి చలికాలంలో మంచుచరియలు దిగే జాడల కిందుగా పోతుంది.

బయల్దేరే రోజు ఉదయం అవలాంచ్ డాట్ ఆర్గ్‌లో ఆ ప్రాంతం సూచన చూడాలి. వాయవ్య రాష్ట్రాలకూ, కొలరాడోకూ, యూటాకూ, సియెరాకూ వేర్వేరు కేంద్రాలున్నాయి. ప్రమాద స్థాయికి ఐదు మెట్లు. మూడోదైన ‘కన్సిడరబుల్’ మధ్యలో ఉంది కదా అని మధ్యస్థంగా తీసుకుంటారు. చావుల్లో చాలా భాగం జరిగేది ఆ మెట్టు మీదే. కూరుకుపోయినవాళ్ళ జాడ తెలిపే బీకన్, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్, తవ్వే పార కొనుక్కుంటే చాలనుకోవడం కూడా సరికాదు. మంచులో కూరుకుపోయిన మనిషిని పదిహేను నిమిషాల లోపు తవ్వి తీయగలిగితేనే బతికే అవకాశం బాగుంటుంది, ఆ పని చేయాల్సింది పక్కనున్న స్నేహితుడే. మూడు రోజుల తొలి స్థాయి శిక్షణ అయ్యే దాకా ముప్ఫై డిగ్రీల వాలు మీదికీ, దాని కిందికీ వెళ్ళకపోవడమే సరైన సన్నాహం.

టెక్సాస్ నుంచి కొలరాడో వెళ్ళేవాళ్ళకు ఎత్తు కూడా తోడవుతుంది. డాలస్ సముద్రమట్టానికి నాలుగైదు వందల అడుగుల ఎత్తులో ఉంది. రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లో బేర్ లేక్ దగ్గర కారు దిగేసరికే 9,475 అడుగులు. తలనొప్పి, వికారం వస్తే అది చలి వల్ల అనుకుని సర్దుకోకూడదు, కిందికి దిగాలి. ముందు రాత్రి ఎస్టెస్ పార్క్‌లో పడుకుని వెళ్ళడం మంచిది.

గడ్డకట్టిన సరస్సుల సంగతి చెప్పకుండా ఉండలేను. 2022 డిసెంబర్ 26న ఆరిజోనాలోని వుడ్స్ క్యానియన్ లేక్ మీద నడుస్తుండగా గడ్డ విరిగి ముగ్గురు భారతీయులు మునిగిపోయారు. వారిలో మన గుంటూరు వైపు దంపతులున్నారు. ఆ వార్త చదివి తల్లడిల్లని తెలుగు ఇల్లు ఉండదు. ఎడారి రాష్ట్రంలో, పగలు ఎండ కాసే చోట గడ్డ గట్టిగా ఉంటుందనుకోవడానికి లేదు. మిన్నెసోటా సహజ వనరుల శాఖ మనిషి నడవడానికి కనీసం నాలుగు అంగుళాల స్వచ్ఛమైన కొత్త గడ్డ కావాలంటుంది. తెల్లటి గడ్డకు అందులో సగం బలమే. పైనుంచి చూసి మందం చెప్పడం ఎవరి తరమూ కాదు. నీళ్ళలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులో పెట్టుకోవడానికి, తర్వాత సుమారు పది నిమిషాలే చేతులు మాట వింటాయి. కొండ దారి సరస్సు అంచున పోతుంటే అంచునే పోవాలి, అడ్డదారి వద్దు.

తిండి విషయంలో మనకు మంచి సరుకే ఉంది. పల్లీ చిక్కీ చలికి రాయిలా మారి పళ్ళు విరగ్గొడుతుంది. సున్నుండ మాత్రం నెయ్యి పేరుకున్నా కొరకవచ్చు, బలం ఇస్తుంది. చిన్న ముక్కలు చేసి కోటు లోపలి జేబులో వేసుకుంటే ఆగకుండానే నోట్లో వేసుకోవచ్చు. అన్నం గట్టిపడుతుంది కాబట్టి పులిహోర పొద్దున్నే కారులో తినేయడం మేలు. ఫ్లాస్కులో వేడి మిరియాల చారు పోసుకెళ్ళండి. గ్లోవ్ తీయకుండా మూత తిరుగుతుందో లేదో ఇంట్లోనే చూసుకోండి. నీళ్ళ సీసా వెడల్పు మూతిది కావాలి. సంచిలో తలకిందులుగా పెట్టాలి, గడ్డ పైభాగాన మొదట కడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్ళు మిగులుతాయి. గొట్టంతో పీల్చే సంచులు మొదటి గంటలోనే గడ్డకడతాయి. ఫోన్ ఒంటికి దగ్గరగా ఉండాలి, చలికి బ్యాటరీ ఉన్నపళంగా పోతుంది. తలకు కట్టుకునే లైటులో లిథియం బ్యాటరీలు వేసుకోవాలి.

ఒకరి ఒంటి వేడి 35 సెల్సియస్ కంటే కిందికి దిగుతుంటే ముందు తెలిసేది పక్కవాళ్ళకే. తడబడతాడు, మాట ముద్దవుతుంది, జిప్పు పెట్టుకోలేడు, చిరాకు పడతాడు, నాకేం కాలేదంటాడు. అప్పుడు అతని మాట వినకూడదు. పొడి బట్టలు, వేడి తీపి పానీయం, వెంటనే వెనుదారి. గడ్డకట్టిన వేళ్ళను మంచుతో రుద్దకూడదు. ఈ లక్షణాలు కనిపెట్టేది పక్కవాళ్ళే కాబట్టే ఒంటరిగా వెళ్ళొద్దనేది. కనీసం నలుగురు ఉండాలని న్యూ ఇంగ్లండ్ కొండలెక్కేవాళ్ళ పాత మాట: ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుంటారు, ఇద్దరు సాయానికి వెళతారు. ఇది సబబే. కాని వాట్సాప్ గ్రూపులో పిలిస్తే వచ్చే పాతికమంది జట్టుకు నేను వ్యతిరేకిని. అక్కడ ఎవరు వెనకబడ్డారో లెక్కపెట్టే మనిషి ఉండడు. నలుగురు నుంచి ఆరుగురు చాలు, అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళు ముందు నడవాలి.

రక్షణ సిబ్బంది వస్తారులే అనే భరోసా మీద ఆధారపడవద్దు. చాలా చోట్ల సెల్ సిగ్నల్ ఉండదు. ఐఫోన్ 14 నుంచి ఉపగ్రహం ద్వారా సాయం కోరవచ్చు, గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి పరికరాలూ ఉన్నాయి. కబురు అందినా మనుషులు చేరడానికి గంటలు పడుతుంది. న్యూ హాంప్‌షైర్‌లో నిర్లక్ష్యంగా వెళ్ళి చిక్కుకున్నవాళ్ళ దగ్గర రక్షణ ఖర్చు వసూలు చేసే చట్టం ఉంది. 2015 నుంచి ఆ రాష్ట్రం అమ్ముతున్న హైక్ సేఫ్ కార్డు ఒక్కరికి 25 డాలర్లు, కుటుంబానికి 35. ఆ డబ్బు రక్షణ పనికే పోతుంది, కొనండి. అంతకంటే ముఖ్యం, ఇంట్లో ఉన్న అక్కకో, బావగారికో దారి పేరు, కారు నంబరు, ఎన్ని గంటలకు ఫోన్ రాకపోతే 911కు చేయాలో రాసి ఇవ్వడం. కారుకూ సన్నాహం కావాలి. మౌంట్ రెయినీర్ పార్కులో నవంబర్ 1 నుంచి మే 1 దాకా ప్రతి కారులోనూ టైర్ల గొలుసులు ఉండి తీరాలి.

ఇవన్నీ చదివి నేర్చుకునేవి కొన్నే. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ వయసులో 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన సంగతి అందరికీ గుర్తే. దానికి ముందు భువనగిరి రాతిగుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకుందని, తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ పొందిందని, ఆపైన లడఖ్ చలిలో ఒంటిని అలవాటు చేసిందని తక్కువమంది తలుచుకుంటారు. 20,310 అడుగుల అమెరికా శిఖరం దెనాలీ దాకా ఆమె వెళ్ళింది 2022లో. మెట్టు తర్వాత మెట్టు. అమెరికాలో ఆ మెట్లు నేర్పేవాళ్ళకు కొదవ లేదు. బోస్టన్‌లో అపలాచియన్ క్లబ్ శాఖ చలికాలపు నడక శిక్షణ నడుపుతోంది. 1962లో ఏర్పడిన క్యాట్స్‌కిల్ 3500 క్లబ్ చలికాలమంతా అనుభవజ్ఞుల వెంట నడకలు పెడుతుంది. సియాటిల్‌లో 1906 నాటి మౌంటెనీర్స్, డెన్వర్‌లో 1912 నాటి కొలరాడో మౌంటెన్ క్లబ్ స్నోషూ నుంచి ఐస్ యాక్స్ దాకా నేర్పుతాయి. సామాను మొదటిసారి కొనకండి, ఆర్‌ఈఐ లాంటి దుకాణాల్లో స్నోషూలు అద్దెకు దొరుకుతాయి. మన గుంపుల్లో ఈ క్లబ్బుల పేరెత్తేవాళ్ళు తక్కువ. అక్కడికి వెళ్తే మనం ఒక్కళ్ళమే అనిపిస్తుందన్న బెరుకు కావచ్చు. వెళ్ళి చూడండి, నేర్చుకోవాలని వచ్చినవాళ్ళను వాళ్ళు ఆదరంగా చూస్తారు.

తానా, ఆటా, నాట్స్, ఊరూరా ఉన్న తెలుగు సంఘాలకు ఒక విన్నపం. వేడుకలకు హాళ్ళు బుక్ చేసే చేత్తోనే నవంబర్‌లో ఒక శనివారం స్థానిక క్లబ్ శిక్షకుడినో, రక్షణ దళం మనిషినో పిలిపించి, కొత్తగా వచ్చిన విద్యార్థులనూ కుటుంబాలనూ కూర్చోబెట్టండి. మైక్రోస్పైక్స్ ఎలా తగిలించాలో, గడ్డకట్టిన చెరువు మీద ఎందుకు అడుగు పెట్టకూడదో తెలుగులో చెప్పించండి. రెండు గంటల పని. మొదటి మంచు పడకముందే జరగాలి.